పాత పెట్టెకు సరిపడే కెర్నెల్

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల సందుల్లోనో, పాలమూరు క్లాక్‌టవర్ నుంచి చీలిపోయే వీధుల్లోనో ఒక జిరాక్స్ షాపు ముందు కాసేపు నిలబడితే, పాతికేళ్ల కంప్యూటర్ చరిత్ర ఒకే బల్ల మీద కనిపిస్తుంది. కొత్త కలర్ ప్రింటర్ పక్కనే పసుపు తిరిగిన పాత క్యాబినెట్ ఉంటుంది. తెర మీద పేజ్‌మేకర్, అందులో అను ఫాంట్లతో సగం కట్టిన పెళ్లిపత్రిక. కింద మూలన ఆకుపచ్చ స్టార్ట్ బటన్ చూడగానే అది విండోస్ ఎక్స్‌పీ అని తెలిసిపోతుంది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి మద్దతు ఆపేసింది 2014 ఏప్రిల్ 8న. షాపులవాళ్లకు ఆ సంగతి తెలియక కాదు. పని ఆగలేదు, పెట్టె మారలేదు.

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల్లో కంప్యూటర్ చాలామంది ఇళ్లకు కొత్తగా రాలేదు. హైదరాబాద్‌లో ఒకరు వాడి వదిలేశాక వచ్చింది, లేదంటే ప్రభుత్వ పథకంలో గడువు పెట్టుకుని వచ్చింది. అలాంటి నేలలో ఆపరేటింగ్ సిస్టం కథను కొత్త సరుకు వైపు నుంచి చెబితే సగమే చెప్పినట్టు. మిగతా సగం, పాత పెట్టెను ఇంకో నాలుగేళ్లు నడిపించడానికి పడిన పాట్లలో ఉంది.

హైదరాబాద్‌కు కంప్యూటర్ తయారీ కొత్త విద్య కాదు. 1967లో మొదలైన ఈసీఐఎల్, భాభా అణు పరిశోధన కేంద్రంలో పుట్టిన టీడీసీ-12 యంత్రాలను తయారుచేసి అమ్మింది. 1970ల్లో టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. అయితే అవి ప్రయోగశాలలకు, పెద్ద సంస్థలకు వెళ్లిన యంత్రాలు. వాటికి ఈ జిల్లాలకు వచ్చే సాగర్ రోడ్డు, కర్నూలు రోడ్డు దారి తెలియదు. పీసీ జిల్లాల్లోకి దిగింది 1990ల్లో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మీదుగా. మదర్‌బోర్డు ఒక షాపులో, హార్డ్‌డిస్కు పక్క షాపులో, క్యాబినెట్ కింది అంతస్తులో కొని బిగించిన ‘అసెంబుల్డ్ సిస్టం’ అట్టపెట్టెలో బస్సెక్కి వచ్చేది.

రెండో దారి అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదుల నుంచి. సీ, ఒరాకిల్, జావా నేర్చుకోవడానికి వెళ్లిన కుర్రాళ్లు నలుగురు కలిసి ఒక సెకండ్ హ్యాండ్ సిస్టం కొనేవారు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా చివరికి ఆ సిస్టం ఊరికి చేరేది. తమ్ముడి చదువుకో, మండల కేంద్రంలో కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ సెంటర్‌కో పనికొచ్చేది. అప్పటికే దాని వయసు నాలుగైదేళ్లు.

ఇక్కడికి వచ్చాక దాని అసలు పరీక్ష మొదలయ్యేది. దుమ్ము, 40 డిగ్రీలు దాటే ఎండ, వేళాపాళా లేని కరెంటు. పైగా 2000ల తొలినాళ్లలో ప్రపంచమంతటా మదర్‌బోర్డుల మీద నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి పగిలిపోయిన కాలం అది. ‘ఎస్ఎంపీఎస్ కొట్టేసింది’ అన్నది ప్రతి మెకానిక్ రోజూ పలికే మాట. సిస్టం నెమ్మదిస్తే వైద్యం ఒక్కటే: ఫార్మాట్ కొట్టి మళ్లీ విండోస్ వేయడం. ర్యామ్ 64 నుంచి 128 ఎంబీకి పెంచడం కలిగినవాళ్ల వైద్యం. ఆపరేటింగ్ సిస్టం లోపలి గింజను, అంటే కెర్నెల్‌ను, ఆ పెట్టె కొలతకు కత్తిరించుకోవచ్చన్న ఆలోచనకు విండోస్‌లో తావే లేదు. అది మూసిన సరుకు.

కెర్నెల్ చేసే పని పాలమూరు, నల్లగొండ రైతుకు చెప్పడం తేలిక. చెరువు కింద నీరటి చేసే పనే అది. ఏ మడికి ఎంతసేపు తూము తెరవాలి, ఎవరి వంతు ఎప్పుడు, నీళ్లు తగ్గిన ఏడాది ఎవరిది ఆపాలి అన్నది నీరటి చూసుకుంటాడు. ప్రాసెసర్ సమయాన్ని, మెమరీని ప్రోగ్రాములకు అలా పంచేది కెర్నెల్. నిండు చెరువు కింద ఎవరు నీరటి అయినా చెల్లిపోతుంది. ఎండిన ఏడాది తెలుస్తుంది పనితనం.

లినక్స్ పుట్టుకే ఎండిన చెరువు కింద జరిగింది. హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991 జనవరిలో కొన్న పీసీలో 33 మెగాహెర్ట్జ్ 386 ప్రాసెసర్, 4 ఎంబీ ర్యామ్ ఉన్నాయి. ఆ ఏడాది సెప్టెంబరులో మొదటి కూర్పు బయటికి వచ్చింది. డిసెంబరు నాటికి జర్మనీ నుంచి ఒక వినియోగదారుడు మొర పెట్టుకున్నాడు: తన దగ్గర ఉన్నది 2 ఎంబీ, కంపైలర్ అందులో పట్టడం లేదు, కెర్నెల్‌ను కంపైల్ చేసుకోలేకపోతున్నాడు. లైనస్‌కు సొంతంగా ఆ ఇబ్బంది లేదు. అయినా క్రిస్మస్ సెలవుల్లో కూర్చుని, మెమరీ చాలనప్పుడు కొన్ని పేజీలను డిస్కు మీదికి తరలించి అవసరమైనప్పుడు తిరిగి తెచ్చుకునే ఏర్పాటు రాశాడు. అది 1992 జనవరిలో 0.12 కూర్పుతో వచ్చింది. చదువుకోవడానికి వాడే మినిక్స్‌లో అప్పటికి లేని సౌకర్యం లినక్స్‌కు దక్కింది. ఎవరో ఒక పేద పెట్టె యజమాని అడిగినందుకు.

భారతదేశంలో చాలామంది చేతికి లినక్స్ అందింది పత్రికతో. పీసీక్వెస్ట్ 1996 మార్చి సంచికతో స్లాక్‌వేర్ సీడీ ఇచ్చింది. డయలప్ మోడెం మీద వందల ఎంబీలు దించుకోవడం ఊహకందని ఆ రోజుల్లో, పుస్తకాల దుకాణంలో దొరికే సీడీయే అసలైన నెట్‌వర్క్. తర్వాతి ఏళ్లలో రెడ్‌హ్యాట్ ఆధారంగా ఏటా ఒక సీడీ ఇవ్వడం ఆ పత్రికకు ఆనవాయితీ అయింది. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లలో ఆ సీడీలు చేతులు మారి గీతలు పడి చదవడానికి వీల్లేకుండా పోయేదాకా తిరిగేవి.

అలా దొరికిన కెర్నెల్‌ను పాత పెట్టెకు కుదించడం ఒక చేతిపని. ‘మేక్ మెనూకాన్ఫిగ్’ అని కొడితే నీలం తెర మీద వందలాది ప్రశ్నలు వస్తాయి. ప్రాసెసర్ ఏ కుటుంబం? 486 అనో, పెంటియం అనో, ఏఎండీ కే6 అనో ఎంచాలి. స్కజీ డిస్కులున్నాయా? లేవు, తీసేయ్. ఒకటికి మించి ప్రాసెసర్లున్నాయా? లేవు, ఎస్ఎంపీ తీసేయ్. సౌండ్ కార్డు ఏది, నెట్‌వర్క్ కార్డు రియల్‌టెక్ 8139 ఒక్కటే కదా, మిగతా డ్రైవర్లన్నీ ఎందుకు? ఇలా తీస్తూ పోతే, ఎవరి ఇంట్లో ఏ కార్డు ఉందో తెలియక అన్నీ కలిపి మూట కట్టే పంపిణీ కెర్నెల్ కన్నా చాలా చిన్నది తయారవుతుంది. 2025 నాటికి లినక్స్ మూలకోడ్ 4 కోట్ల వరుసలకు చేరిందని విని భయపడేవారు గమనించాల్సింది ఇదే. అందులో ఎక్కువ భాగం డ్రైవర్లు, అక్కర్లేనివి వదిలేస్తే అవి మెమరీలోకి అడుగే పెట్టవు.

అయితే పాత పెంటియం మీద కెర్నెల్ కంపైల్ చేయడం గంటల పని. మధ్యలో కరెంటు పోతే మళ్లీ కూర్చోవాలి. తెలిసినవాళ్లు వేగమైన సిస్టం మీద కంపైల్ చేసి, ఫలితాన్ని మాత్రం పాతదానికి మోసుకొచ్చేవారు.

కరెంటు అన్నాం కాబట్టి, ఈ జిల్లాల లెక్కలో అన్నిటికన్నా విలువైన మార్పు వేగానికి సంబంధించింది కాదనిపిస్తుంది. అది ఫైల్ సిస్టంకు సంబంధించింది. విండోస్ 98 వాడినవాళ్లెవరూ ఆ నీలం తెరను మరిచిపోరు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ, సరిగా షట్‌డౌన్ చేయలేదని దెప్పుతూ స్కాన్‌డిస్క్ మొదలయ్యేది. లినక్స్‌లో పాత ఎక్స్‌ట్2 పరిస్థితీ అంతే. డిస్కు మొత్తం తడిమి చూసేదాకా లాగిన్ దొరకదు. 2001 నవంబరులో 2.4.15 కెర్నెల్‌తో ఎక్స్‌ట్3 చేరింది. చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసుకుని ఆ తర్వాతే చేయడం దాని పద్ధతి. కరెంటు పోతే చిట్టా చూసుకుని క్షణాల్లో లేస్తుంది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి చాలాకాలమైన ఇంటర్నెట్ సెంటర్‌కు ఇది 64 ఎంబీ ర్యామ్ కన్నా ఎక్కువ లాభం.

కొన్ని మార్పులు మాత్రం ఎదురు తిరిగాయి. కెర్నెల్ గడియారం సెకనుకు ఎన్నిసార్లు టక్‌మని ప్రాసెసర్‌ను తట్టాలన్న లెక్క ఒకటుంది. 2.4 కూర్పులో పీసీల మీద అది 100. 2.6 వచ్చేసరికి 1000 చేశారు. కొత్త యంత్రాల మీద కదలిక మెత్తగా ఉంటుందన్న ఉద్దేశం మంచిదే కానీ, పాత ప్రాసెసర్‌కు ఆ తట్టుడుకు లేచి బదులివ్వడమే ఒక పని. 2005లో 2.6.13తో దాన్ని 250కి దించారు. అలాగే పీఏఈ. నాలుగు జీబీకి మించిన ర్యామ్ వాడటానికి పనికొచ్చే ఆ ఏర్పాటును తప్పనిసరి చేస్తూ ఉబుంటు 12.10 కూర్పు పాత కెర్నెల్‌ను మానేసింది. 512 ఎంబీ ర్యామ్ ఉన్న పెంటియం ఎం ల్యాప్‌టాప్‌కు దాంతో అవసరం లేదు. కానీ ఆ రకం చిప్‌లలో కొన్ని తమకు పీఏఈ ఉందని చెప్పుకోవు కాబట్టి, సీడీ పెట్టగానే బూట్ కాకుండా నిలబడిపోయేవి. యంత్రం చెడలేదు, లెక్కలోంచి జారిపోయింది, అంతే.

పాత పెట్టె మీద ఇంగ్లీషు మాత్రమే వాడితే కథ ఇక్కడితో తేలికగా ముగిసేది. నాలుగు ఎంబీ 386 మీద నల్ల తెర, తెల్ల అక్షరాలతో లినక్స్ హాయిగా నడిచింది. తెలుగు కావాలంటే మాత్రం అదే పెట్టె చాలదు. వీజీఏ టెక్స్ట్ కన్సోల్‌లో కెర్నెల్ చూపగలిగే ఆకారాలు 256, లేదా గరిష్ఠంగా 512. ప్రతి ఆకారానికీ ఒకే వెడల్పు గడి. గుణింతాలు, వత్తులు, తలకట్టు కలిసి రూపం మార్చుకునే లిపి ఆ గళ్లలో ఇమడదు. తెలుగు చూడాలంటే గ్రాఫిక్ తెర, ఎక్స్ సర్వర్, అక్షరాలను కూర్చే ఇంజన్, ఫాంటు, అన్నీ మెమరీలోకి రావాలి. అంటే తెలుగు చదివే పిల్లవాడికి ఇంగ్లీషు చదివే పిల్లవాడి కన్నా ఖరీదైన యంత్రం అవసరమైంది. పాత పెట్టెలు ఎక్కువగా చేరింది తెలుగు మాధ్యమం బడులున్న ఊళ్లకే.

ఈ భారాన్ని ఒక్కో కాలం ఒక్కోచోటికి నెట్టింది. 1980ల చివర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ జిస్ట్ కార్డు తెచ్చింది. అది మదర్‌బోర్డులో గుచ్చుకునే ముక్క. లిపి కూర్పు అంతా ఆ కార్డే చూసుకోవడంతో డాస్ ప్రోగ్రాముల్లో భారతీయ భాషలు కనిపించేవి. ప్రాసెసర్‌కు శ్రమ లేదు, కానీ కార్డు కొనాలి. తర్వాత డీటీపీ కాలం. అను లాంటి ఫాంట్లు తెలుగు అక్షరాన్ని ముక్కలు చేసి, తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఒకచోట, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో సర్దేశాయి. కంప్యూటర్ దృష్టిలో అది వింత ఇంగ్లీషే. అందుకే 32 ఎంబీ సిస్టం మీద కూడా పేజ్‌మేకర్‌లో తెలుగు పుస్తకాలు పరుగెత్తాయి. ఈ జిల్లాల కరపత్రాలు, ఎన్నికల పోస్టర్లు, పరీక్ష పేపర్లు, స్థానిక వారపత్రికలు అన్నీ ఆ ఉపాయం మీదే వెలువడ్డాయి. దాని ఖరీదు తర్వాత తెలిసింది. ఆ ఫైలు వేరే ఫాంటులో తెరిస్తే చెత్త, వెతికితే దొరకదు.

యూనికోడ్ ఆ చిక్కును విప్పింది, బరువును మాత్రం మళ్లీ పెట్టె మీదే వేసింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్ కొట్టాలి. కొట్టగానే అది ఎక్స్‌పీ సీడీ పెట్టమని అడిగేది. ఎవరో వేసిపెట్టిన దొంగ కాపీతో నడిచే సిస్టంలో సీడీ ఎక్కడి నుంచి వస్తుంది? 2005, 2006 నాటి తెలుగు బ్లాగర్లు కొత్తవాళ్లకు చేసిన సాయంలో పెద్ద వాటా ఈ ఒక్క టిక్ గురించే.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2005లో, హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ తన పేరుతోనే తెలుగు ఆపరేటింగ్ సిస్టంను విడుదల చేసింది. మెనూలు, సందేశాలు, అన్నీ తెలుగులో. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో భాగంగా నడిచిన ఈ సంస్థ తర్వాత పిల్లల కోసం బాల స్వేచ్ఛ, ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం ఈ-స్వేచ్ఛ తెచ్చింది. వందలాది కాలేజీ విద్యార్థులు అనువాదంలో, ప్యాకేజీల కూర్పులో చేయి వేశారు. ఈ కృషికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. అనువదించిన ఒక్కో మెనూ వెనుక ‘ఫైల్’ను ఏమనాలి, ‘సేవ్’ను ఏమనాలి అన్న వాదులాటలు ఎన్నో. కానీ జిల్లా ఆఫీసుల్లో, డీటీపీ షాపుల్లో లినక్స్ నిలదొక్కుకోలేదు. కారణం కెర్నెల్ కాదు. పేజ్‌మేకర్ అందులో నడవదు, అను కీబోర్డుకు అలవాటుపడిన వేళ్లు ఇంకో వరుసకు తిరగవు.

బడుల కథ ఇంకోలా నడిచింది. 2008లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ విద్య తలపెట్టినప్పుడు, ఎన్‌కంప్యూటింగ్ అనే అమెరికా కంపెనీ పరికరాలతో 50,000 సీట్లు, 18 లక్షల మంది పిల్లలు అన్నది ప్రకటించిన లెక్క. బడికి పది సీట్లన్నమాట. ఒక పీసీ శక్తిని కొన్ని తెరలకు పంచడం దీని కిటుకు. పిల్లల ముందు తెర, కీబోర్డు, మౌస్ మాత్రమే ఉంటాయి, లెక్కలు చేసే పెట్టె ఒక్కటే. చాలా సమయం ఖాళీగా కూర్చునే ప్రాసెసర్‌ను నలుగురికి పంచడం తెలివైన పనే. 1970ల్లో యూనిక్స్ యంత్రాలు చేసింది కూడా అదే. చిక్కల్లా, ఆ ఒక్క పెట్టె మూలపడితే దానికి తగిలించిన తెరలన్నీ ఒకేసారి చీకటి. ప్రైవేటు సంస్థలు అయిదేళ్లు నడిపి అప్పగించే ఒప్పందం 2013 ప్రాంతంలో ముగిశాక, బోధకులు వెళ్లిపోయారు, బాగుచేసే చెయ్యి కూడా వెళ్లిపోయింది. చాలా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఆ గదులకు తాళం పడింది.

లోకంలో అదే సమయానికి ఇంకో తలుపు మూసుకుంది. 2012 డిసెంబరులో ఇంగో మోల్నార్ అనే హంగేరీ ప్రోగ్రామర్ 386 చిప్‌కు మద్దతును తొలగించే మార్పులు పంపాడు. పాత 386లో కొన్ని ముఖ్యమైన ఆదేశాలు లేవు. ఒక విలువను సరిచూసి ఒకే దెబ్బలో మార్చే ఆదేశం, కెర్నెల్ తానే పొరపాటున రాయకుండా పేజీని కాపాడే ఏర్పాటు, రెండూ 486తో వచ్చినవే. వాటి లోటు పూడ్చడానికి రాసిన ప్రత్యేక కోడ్ ప్రతి కొత్త మార్పుకూ అడ్డుపడుతోంది. లైనస్ మొదటి యంత్రం మీదే ఇక కొత్త లినక్స్ నడవదని ఇంగో కాస్త బెంగగా రాస్తే, తనకు అలాంటి సెంటిమెంట్లు లేవని లైనస్ తేల్చేశాడు. 2013 ఫిబ్రవరిలో 3.8 కూర్పుతో 386 వెళ్లిపోయింది. 486ను కూడా మ్యూజియంలో పెట్టాల్సిందేనని లైనస్ 2022లో అన్నాడు. దాన్ని తొలగించే ప్యాచ్‌లు 2025లో మళ్లీ ఇంగో నుంచే వచ్చాయి.

ఇది కుట్ర కాదు, లెక్క. ఏ యంత్రం ఎవరి బల్ల మీద ఉంటే వాళ్లే దాని కోసం కోడ్ రాస్తారు. 2003లో లినక్స్-టైనీ పేరిట కెర్నెల్‌ను చిన్నచేసే ప్యాచ్‌ల మూట కట్టిన మ్యాట్ మాకల్‌కు చిన్న యంత్రాల మీద పని ఉంది. ఆస్ట్రేలియాలో మత్తుమందు వైద్యుడైన కాన్ కొలివాస్, ఇంట్లో వాడే డెస్క్‌టాప్‌లో మౌస్ తడబడకూడదని ఏళ్ల తరబడి షెడ్యూలర్లు, అంటే ప్రాసెసర్ వంతులు పంచే కోడ్, రాశాడు. పెద్ద సర్వర్ల కంపెనీల చుట్టూనే కెర్నెల్ తిరుగుతోందని విసిగి 2007లో పక్కకు తప్పుకున్నాడు. అదే ఏడాది ఇంగో రాసిన కొత్త షెడ్యూలర్‌లో కొలివాస్ వాదించిన న్యాయమైన పంపకం ఆలోచనే ఉంది.  నల్లగొండ మెకానిక్‌కు కెర్నెల్ మార్చే హక్కు ఉంది, కాగితం మీద. మార్చే నేర్పు ఉన్నవాళ్లు బెంగళూరుకో, డాలస్‌కో వెళ్లిపోయారు, వాళ్ల బల్లల మీద కొత్త యంత్రాలు చేరాయి.

ఈలోగా ఇక్కడా కొత్తవి వచ్చాయి. 2016 అక్టోబరులో జిల్లాలు చీలాక సూర్యాపేట, భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాలల్లో కొత్త కలెక్టరేట్లు వెలిశాయి. 2019లో నారాయణపేట వాటికి తోడైంది. 2023లో మహబూబ్‌నగర్ దివిటిపల్లి దగ్గర మేలో, నల్లగొండలో అక్టోబరులో ఐటీ టవర్లు తెరుచుకున్నాయి.

టవర్లు కొత్తవైనా, 2008 ప్రాంతపు పాత పెట్టెలకు ఇప్పటికీ ఒక అవకాశం ఉంది. అప్పటి కోర్ 2 డ్యుయో, పెంటియం డ్యుయల్ కోర్ చిప్‌లు 64 బిట్‌వే. డెబియన్ 2025 ఆగస్టులో తెచ్చిన 13వ కూర్పులో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ మానేసినా, ఇవి ఆ గీతకు ఇవతలే ఉన్నాయి. ర్యామ్ ఒక జీబీయే ఉంటే, 2014 నుంచి కెర్నెల్‌లో ఉన్న జెడ్‌ర్యామ్ మెమరీలోనే కొంత భాగాన్ని కుదించి స్వాప్‌గా వాడుతుంది. పాత డిస్కు గరగరలాడే అవసరం తగ్గుతుంది. కెర్నెల్‌ను ఎంత చెక్కినా ఈ రోజు మిగిలేది కొన్ని ఎంబీలే. ఒక్క బ్రౌజర్ ట్యాబ్ వాటిని మింగేస్తుంది. అందుకే ఇలాంటి పెట్టెలను బాగుచేసేవాళ్లు ఇప్పుడు ముందు చూసేది డిస్కు స్థానంలో చిన్న ఎస్ఎస్‌డీ, మదర్‌బోర్డు మీది గుండ్రటి సీమాస్ బ్యాటరీ. ఆ బ్యాటరీ చచ్చిపోతే తేదీ వెనక్కి పోతుంది, తేదీ తప్పితే ప్రభుత్వ వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలు చెల్లవని బ్రౌజర్ మొండికేస్తుంది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0, ఎనిమిదో తరం ఇంటెల్ చిప్ లేని పెట్టెలు ఆఫీసుల నుంచి, హైదరాబాద్ కంపెనీల నుంచి గుట్టలుగా బయటపడుతున్నాయి. వాటిలో నాలుగు, ఎనిమిది జీబీల ర్యామ్ ఉన్నవి ఎన్నో. సెకండ్ హ్యాండ్ బజారు నుంచి అవి దక్షిణానికి దిగే దారి మాత్రం పాతదే.